ఓదెలన్న పెట్టని సంతకం

నా బేరాలన్నింటిలో గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. ప్రభుత్వం నాలుగు వాక్యాలు అడిగిన చోట ఒక్క వాక్యానికి దించాను. ఆ ఒక్క వాక్యం కింద, జైల్లో ఉన్న మనిషి సంతకాన్ని, జైలుకు ఒక రైలు ప్రయాణం దూరంలో, నా దుకాణం గద్దె మీద కూర్చుని నేనే పెట్టాను. ఎంత బాగా పెట్టానంటే, ఆ పేరు గలవాడు కూడా అది తనది కాదనలేకపోయాడు. మూడు తరాల బట్టల దుకాణం మాది. మా తాత గుడ్డను సాగదీసి కొలిచేవాడు, మా నాయన మాటను సాగదీసి కొలిచేవాడు. సాటి మనిషి పేరునే కొలిచి, కత్తిరించి, చుట్టి ఇచ్చిన ఘనత మాత్రం వంశంలో నా ఒక్కడిదే.

ఆ పేరు గలవాడు, మా ఓదెలన్న, పోయిన గురువారం పొద్దున కన్నుమూశాడు.

నేను దుకాణం తలుపు పలకలు తీస్తున్నాను. బజారు మూల మీది సెలూన్ నుంచి రాజలింగు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో కత్తి అట్లాగే ఉంది, కత్తి మీద సబ్బు నురుగు కూడా ఉంది.

"సేటూ, జర జల్ది రా. ఓదెలన్న మాట్లాడ్తలేడు."

"ఎన్నడు మాట్లాడిండు గనుక," అన్నాను నేను, పలక గోడకు ఆనిస్తూ. ఆయన మరణవార్తకు నేనిచ్చిన మొదటి జవాబు అదీ. ఆ పరిహాసం ఇంకా నా నోట్లో చేదుగా ఉంది.

వెళ్ళేసరికి కుర్చీలోనే ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నురుగు ఇంకా ఆరలేదు. కళ్ళు తెరిచి అద్దంలోకి చూస్తున్నాయి, అద్దంలో నేను కనిపిస్తున్నాను. ఏళ్ళ తరబడి నెత్తి మీద వేలాడిన బొగ్గు పొరలు ఏమీ చేయలేని మనిషి, ఆరేళ్ళ కారాగారం వంచలేని మనిషి, గడ్డం గీయించుకునే పావుగంటలో పోవడమేమిటి? డాక్టరు వచ్చి గుండె అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికీ అర్థం కాలేదు.

నలుగురం లేవనెత్తబోతే రాజలింగు అడ్డం నిలబడ్డాడు. "సగం గడ్డంతోని ఎట్ల పంపుత సేటూ?" అని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ సబ్బు రాసి, ఎడమ చెంప కూడా గీశాడు.

ఇటువంటి సంస్మరణ వ్యాసాల్లో ధీరోదాత్తుడు, త్యాగధనుడు, నిరాడంబరమూర్తి వంటి మాటలు ముందే పరచడం మర్యాద. అన్నింటికీ ఆయన అర్హుడే. కానీ ధర దాచిపెట్టి సరుకును పొగడటం మా వృత్తిధర్మం. ఈ ఒక్కసారికి ఆ ధర్మం తప్పుతాను.

గోదావరిఖనిలో గనులు కొత్తగా తెరుచుకుంటున్న కాలంలో, రేకుల కింద మేము బట్టల దుకాణం పెట్టినప్పుడు ఆయన మొదటిసారి వచ్చాడు. తువ్వాల చూపించమన్నాడు. అలవాటు ప్రకారం ఒకటికి రెండు చెప్పాను. ఆయన తువ్వాలను మడతపెట్టి నా ముందుంచి, "అంత లేదు సేటూ," అని మెట్లు దిగిపోయాడు. నా ప్రాణం పోయినంత పనైంది. వెంటపడ్డాను.

"అరే అన్నా, నువ్వొక మాట అనాలె గదా!"

"ఏమనాలె? నువ్వు చెప్పినవు. నా దగ్గర లేదు. అయిపాయె."

"బేరం ఆడాలె. ఆడితే తగ్గిస్త."

"తగ్గిస్తవా? అయితే ముందు చెప్పింది అబద్ధమన్నట్టే గదా."

బజారు మధ్యలో నిలబడి నా వృత్తినంతా ఒక్క వాక్యంలో విప్పి చూపించి, నవ్వాడు. ఆ రోజు నుంచి నా దుకాణంలో ఒక్కరికి మాత్రమే చెప్పే నిజమైన ధర ఒకటి ఏర్పడింది. మిగతా గిరాకీలు నన్ను క్షమించాలి.

గనిలో ఆయన టింబర్‌మన్. తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. నిలబెట్టే ముందు ఇనుప చువ్వతో పైకప్పును కొట్టి చెవిపెట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది, బోలుగా పలికితే కింద మనిషి ఉండకూడదు. ఈ అలవాటు ఆయనకు నేల మీద కూడా పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు కర్రతో దూలాన్ని ఒకసారి తట్టేవాడు. మా దుకాణం దూలాన్ని తట్టి, "బోలుగున్నది సేటూ, లోపట చెదలు తిన్నది," అన్నాడు. గిరాకీ ముందు పరువు తీశావని కోప్పడ్డాను. ఆ వానాకాలమే దూలం వంగి మంచి మంచి తానులు బురదలో పడ్డాయి. ఆయన వచ్చి కొత్త దూలం ఎక్కించాడు గానీ, చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. ఇదొక్కటే అన్నాడు: "కప్పు కూలేముంగట చెప్తది సేటూ. ఇసుక రాలుస్తది, గుసగుసలాడ్తది. మనిషే చెప్పకుంట కూల్తడు."

ఆయనకు సంతకం నేర్పింది నేను. జీతాల రోజున వేలిముద్ర వేసి వచ్చి, "నల్ల వేలికి మల్ల నల్ల సిరా ఎందుకు సేటూ? నా పేరు నాకు నేర్పు," అని మెట్ల మీద కూర్చున్నాడు. బట్టల తానుల లోపల ఉండే అట్టల మీద నెల రోజులు దిద్దించాను. నా చేతిరాతే ఆయనకు ఒరవడి. మా ఇంట్లో ఎవరు సంతకం పెట్టినా చివరి అక్షరం తర్వాత ఒక పొడుగాటి తోక గీస్తాం. పక్కన ఎవడూ ఇంకేమీ కలపకుండా దుకాణదారు చేసుకునే కట్టుదిట్టం అది. ఆయనకూ తోకతోనే నేర్పాను. ఏడాది తిరిగేసరికి ఆయన తోక మానేశాడు.

"తోకేదన్నా?" అని అడిగాను.

"నా పేరు పక్కపొంటి ఎవడేం కలుపుతడు సేటూ?" అన్నాడు.

ఈ తోకను పాఠకులు గుర్తుంచుకోవాలి. నేనే మరిచిపోయాను.

డెబ్బయిల మొదట్లో ఒక సమ్మెలో ముందు నిలబడినందుకు ఆయనను పట్టుకుపోయారు. ఆ రాజకీయాల లోతు నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. మూడు నెలల్లో వస్తాడన్నారు. ఒక కేసు కొట్టేస్తే జైలు గేటు దగ్గరే ఇంకో వారంటు. అది తేలేలోపు మరొకటి. అట్లా నాలుగేళ్ళు నడిచాక ఎమర్జెన్సీ వచ్చింది. ఇక కేసు అవసరం కూడా లేకపోయింది.

ఆయన భార్య లస్మక్క కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, మా దుకాణం వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నెలకొకసారి ములాఖత్‌కు నేనూ తోడు వెళ్ళేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఒంటరి గదిలో ఉన్నాడని తెలిసి బెదిరిపోయాం. నేరం ఏమిటంటే, వచ్చిన రోజే బరాకు గోడలనూ కప్పునూ చెంబుతో తట్టి చూశాడు. పారిపోవడానికి సొరంగం చూస్తున్నాడనుకున్నారు.

"ఎందుకు తట్టినవయ్యా?" అని లస్మక్క ఏడ్చింది.

"పండేటోనికి పైన ఎట్లున్నదో ఎరుకుండొద్దా?" అని ఇనుప జాలీ అవతల నుంచి నవ్వాడు. "గట్టిగనే ఉన్నది. తూర్పు మూలకు జర చూడాలె."

కారాగారాన్ని ఆయన మరొక గనిగా ఎంచాడు. దిగాం, షిఫ్టు అయ్యేదాకా ఎక్కలేం, ఈలోగా కింద ఉన్నవాళ్ళను చూసుకోవాలి. సహనమంటే పళ్ళు బిగించుకోవడం కాదని ఆయనను చూశాకే తెలిసింది. ఆయన పళ్ళు బిగించగా నేనెన్నడూ చూడలేదు.

బిగించింది నేను. ఎమర్జెన్సీ మొదలైన రెండు మూడు నెలలకు, హామీ రాసిస్తే వదులుతున్నారని తెలిసింది. జిల్లా కేంద్రంలో ఒక అధికారి దగ్గరికి మూడుసార్లు తిరిగాను. ఆ అధికారి నా ముందుంచిన కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. చేసినదానికి విచారిస్తున్నాను, యూనియన్‌తో సంబంధం ఉండదు, తోటివారి సమాచారం ఇస్తాను, శాంతియుతంగా జీవిస్తాను. మొదటి రాకలో సమాచారం ఎగరగొట్టాను. రెండో రాకలో విచారం. మూడో రాకలో యూనియన్. లేచి వెళ్ళిపోతున్నట్టు రెండుసార్లు కుర్చీ వెనక్కి జరిపాను. చివరికి మిగిలింది శాంతి ఒక్కటే. రైల్లో తిరిగి వస్తూ కాగితాన్ని మడతపెట్టి విప్పి, మడతపెట్టి విప్పి, పెళ్ళిచీర కొన్నవాడిలా చూసుకున్నాను.

మరుసటి ములాఖత్‌లో జాలీకి ఆనించి చూపించాను. ఆయన నిదానంగా కూడబలుక్కుని చదివాడు.

"సంతకం పెట్టు, బయటికి రా. ఒక్క ముక్క అన్నా! మూడు తీసేయించిన."

"మంచిగనే తగ్గించినవు," అన్నాడు. "గాని ఇక శాంతిగ ఉంట అని రాసిస్తే, ఇన్నొద్దులు లొల్లి పెట్టిన అని ఒప్పుకున్నట్టే గదా సేటూ."

"ఒప్పుకుంటే ఏం పోతది? అక్క మొకం చూడు!"

లస్మక్క నా వైపు తిరిగి, "నా మొకం అడ్డం పెట్టకు సేటూ. ఆయనది ఆయనిష్టం," అంది.

"లోపట నన్ను చూసి నిలబడ్డోళ్ళున్నరు," అన్నాడు ఓదెలన్న. "నేను దిమ్మెనే. గుంజితే నేనొక్కన్నే రాను, పైనున్నది మొత్తం వస్తది. కాయిదం ఇంటికి తీస్కపో. వెనుక దిక్కు తెల్లగనే ఉన్నది, పనికొస్తది."

తర్వాతి సంగతి మొదట్లోనే గొప్పగా చెప్పుకున్నాను. ఆయన కోసం చేశానని, లస్మక్క కోసం చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను అమ్ముకున్నాను. నిజం ధర ఇది: అంత చక్కగా తెగిన బేరం చివర్లో చెడిపోవడం నేను ఓర్చలేకపోయాను. ఒక మధ్యాహ్నం గద్దె మీద కూర్చుని, ఆయన పేరు ఆయన చేతిరాతతో పెట్టాను. ఆయన చేతిరాత నాదే కదా. ములాఖత్‌లో పెట్టించానని చెప్పి అధికారికి అందజేశాను. పండుగ లోపు వస్తాడని లస్మక్కకు చెప్పాను. ఎట్లా అని ఆమె అడిగితే, పైవాళ్ళ దయ అన్నాను.

పండుగ వెళ్ళింది. ఆయన రాలేదు. అధికారిని అడిగితే కాగితం పైకి పోయిందన్నాడు, తర్వాత ఆయనే బదిలీ అయిపోయాడు. ఏ బీరువాలోనో చెదలు తిని ఉంటాయని అనుకున్నాను. ములాఖత్‌లో ఓదెలన్న ఆ ఊసే ఎత్తలేదు. దుకాణం ఎట్లున్నదని అడిగేవాడు, దూలం ఎట్లున్నదని అడిగేవాడు. చిక్కిపోతున్నావేమని లస్మక్క అడిగితే, "ఒక్కన్నే తింటున్న, ఆకలైతలేదు," అన్నాడు. ఒక్కడే ఎందుకు తింటున్నాడో అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఎమర్జెన్సీ పోయాక అందరితో పాటు ఆయన కూడా వచ్చాడు. అందరికీ దండలు పడ్డాయి. ఆయనకు ఒక్కటి పడింది, అది నేను వేసింది. సభలో వేదిక మీదికి పిలవలేదు. పాత మిత్రులు బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. ఇదేదో వాళ్ళలో వాళ్ళ రాజకీయమనుకుని నేను తలదూర్చలేదు. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చునేవాడు. పని తిరిగి ఇప్పించమని దరఖాస్తు రాసిపెట్టి కలం అందిస్తే, వద్దని వేలు చాపాడు.

"జైలుకు పోయి చదువు మరిచినవా అన్నా?" అని వేళాకోళం చేశాను.

"చెయ్యి వణుకుతుంది సేటూ," అన్నాడు.

వణకడం లేదు. ఆ చేత్తోనే అప్పుడు టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు, చుక్క తొణకలేదు. చూశాను, కానీ చూసినదాన్ని లోపలికి రానివ్వలేదు. పని రాలేదు. రెండేళ్ళు ఆ మెట్ల మీదే గడిచాయి. తర్వాత ఆ గురువారం.

అంత్యక్రియలకు గని మనుషులు వందల్లో వస్తారనుకున్నాను. పాడె మోయడానికి మనుషులను పిలవాల్సి వచ్చింది. మూడో నాడు మందమర్రి నుంచి మొయిన్ భాయ్ వచ్చాడు. ఓదెలన్నతో పాటు అదే బరాకులో ఉన్న మనిషి, గనిలో బొగ్గు డబ్బాలు లాగే హాలేజీ నడుపుతాడు. చెప్పులు విప్పి, లస్మక్క ముందు నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నెల దినాల సంది రావాలె రావాలె అనుకుంటున్న. డ్యూటీలు కలిసిరాలె. మాఫీ అడుగుదామని. ఇగ ఎవలను అడగాలె?"

"ఏం మాఫీ తమ్మీ?" అంది లస్మక్క.

అతను చెప్పింది ఇది. ఒక రోజు జైలు ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చి బరాకులో అందరికీ చూపించారు. మీ పెద్దమనిషే రాసిచ్చాడు, మీకేమిటన్నారు. నలుగురు ఆ రోజే రాసిచ్చి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఓదెలన్నను అడిగారు. సంతకం నీదేనా అంటే, "ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు. అంతే.

"మాట బంద్ చేసినం అక్కా. రాసిచ్చినా ఇడువలేదంటే సర్కారు దగా చేసిందనుకున్నం. అందరం కలిసి తినే పొత్తుల వంటలకెల్లి ఆయన గిన్నె తీసేసినం. పద్దెనిమిది నెలలు. ఖుదా కసమ్, ఒక్కలం మాట్లాడలె. వానకాలంల ఒకనాడు నేను స్నానానికి పోయొచ్చేవరకు నా పక్కబట్టలు గుంజి నడుమల ఏసిండు. తూర్పు మూల బోలు పలుకుతుందట. కోపమొచ్చి తిట్టిన. గదే రాత్రి ఆ మూల కూలింది."

"అప్పుడన్న మాట్లాడినవా?" అని అడిగాను నేను.

మొయిన్ భాయ్ తల అడ్డంగా ఊపాడు. "లేదు సేటూ. పానం కాపాడిండని ఎరికయ్యి గూడ మాట్లాడలె."

నెల కింద ఆ జైలు వార్డరు ఒకడు అతనికి రైల్లో కలిశాడట. ఆ రోజు ఆఫీసులో కాపలా ఉన్నది అతనే. కాగితం ఓదెలన్న ముందు పెట్టి పై అధికారి అడిగాడట: ఇది నీదైతే రేపే పోవచ్చు, నీది కాదంటే చెప్పు, దొంగ సంతకం పెట్టినవాణ్ణి సాయంత్రానికి ఇక్కడికే తెస్తాం.

"శానాసేపు చూసిండట సేటూ. చూసి నవ్విండట. తోక మస్తు పొడుగున్నది అన్నడట. అని, సంతకం నాదే సాబ్, మాటలు నాయి కావు, వాపస్ తీసుకుంటున్న అన్నడట. గట్ల అన్నంక ఎవలు వదుల్తరు? ఆ దినం సంది జైలు రిజిస్టర్ల గూడ వేలిముద్రనే. వార్డరు ఎందుకని అడిగితే, సంతకం ఎవడన్న పెడ్తడు, వేలు నాదే అన్నడట."

అప్పుడు మొయిన్ భాయ్ తలెత్తి నన్ను సూటిగా చూశాడు. అనుమానంతో కాదు, నమ్మకంతో. "ఆయనకు దగ్గరోనివి నువ్వు. గది రాసింది ఎవలో నీకెరుకనా సేటూ?"

లస్మక్క పక్కనే ఉంది. ఆయన పేర పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది. చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకదు.

"ఎరుక లేదు," అన్నాను.

మనిషే చెప్పకుండా కూలతాడని ఆయన అన్నది నా గురించేనని అప్పుడు తెలిసింది. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు లస్మక్క మిషను ముందు నిలబడి అంతా చెప్పాను. ఆమె చక్రం ఆపింది. దారం సూదిలోనే ఉంది.

"ఆయనకెరుకనా, నువ్వే అని?"

"ఎరుకే అక్కా. తోక చూసి పోల్చిండు."

"మరి రెండేండ్లు నీ మెట్ల మీద ఎట్ల కూసున్నడు?"

ఆమె దారం తెంపి, "నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? అందరికి చెప్పు. ఆయన పేరు ఆయనకియ్యి," అంది. తిట్టలేదు. మిషను మాత్రం ఆ సాయంత్రమే మా వసారా నుంచి తీసుకుపోయింది.

అందుకే ఈ వ్యాసం. గోదావరిఖని నుంచి మందమర్రి దాకా, ఆయన లొంగిపోయాడని నమ్మి పక్క సందులోకి తిరిగిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: ఓదెలన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. పెట్టింది నేను. నా చేతిరాతలోని ఈ ప్రతి, చివర నా పేరుతో, నా పేరు చివర తోకతో, సంపాదకుల దగ్గర ఉంటుంది. అనుమానం ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. చెయ్యని తప్పును మోసి, చేసినవాడి గుమ్మం ముందు రోజూ ప్రసన్నంగా కూర్చోగలిగిన మనిషి ఈ బొగ్గు నేల మీద మళ్ళీ పుడతాడని నేననుకోను. ఆ మహానుభావుడి పాదాలకు నమస్కరించే అర్హత కూడా నాకు అనుమానమే, అయినా నమస్కరిస్తున్నాను.

ఇక మిగిలింది లెక్క. ఆయన వైపు నుంచి వెళ్ళింది: మర్నాడే దొరికే విడుదల, పద్దెనిమిది నెలలు తోటి మనిషి పలకరింపు, ఒక వేదిక, కొన్ని దండలు, నెల రోజులు అట్టల మీద దిద్ది నేర్చుకున్న తన పేరు, పాడె పట్టాల్సిన కొన్ని వందల భుజాలు. నా వైపు నుంచి వెళ్ళింది: ఒక మధ్యాహ్నం, ఇప్పుడీ నాలుగు కాగితాలు. ఆయన బతికి ఉండగా ఇస్తే వీటికి విలువ ఉండేది. రెండేళ్ళు ఆయన మెట్ల మీద కూర్చుని నేను నోరు తెరుస్తానని చూశాడేమో తెలియదు. నేను మాత్రం రోజూ టీ ఇచ్చాను. ఆయన రోజూ తాగాడు. ఈ లెక్క సరిపోలేదు, ఇక సరిపోదు.